ముక్కు మూగబోయిన నాలుకాయన

ఇలా దగ్గరికి జరుగు తల్లీ. అక్కడ గుమ్మంలో కూర్చుంటే సగం కథ వీధిలోకి పోతుంది. బీరు సంగతి అనగానే మీ అమ్మ అటునుంచి గుడ్లురుముతోంది గానీ, ఇది తాగినవాళ్ల కథ కాదు, కాచినవాళ్ల కథ. నిర్భయంగా వినొచ్చు.

ఎక్కడో ఒక దేశంలో మొదట్లో బీరు కాచింది ఆడవాళ్లే. ఇంట్లో ఉండే పెద్ద గంగాళంలో ఒక వారం బట్టలు ఉడకబెట్టేవారు, ఒక వారం బీరు కాచేవారు. బార్లీ నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, దంచి, వేణ్ణీళ్లలో కలిపి, ఆ నీళ్లు వడగట్టి, హాప్స్ అని చేదు పూలుంటాయి, అవి వేసి మరిగించేవారు. చల్లారాక కిందటిసారి దాచుకున్న నురగ ఒక గరిటెడు తోడు వేస్తే, తెల్లారేసరికి గంగాళం తనలో తాను గొణుక్కోవడం మొదలెట్టేది. ఎవరి చెయ్యి వాళ్లది, ఎవరి నీళ్లు వాళ్లవి. పక్కింటావిడ బీరు కన్నా నాదే మేలని అనుకోవడం తప్ప వాళ్లకి వేరే వ్యాపారం లేదు.

అంతలో ప్రభుత్వం వారి కన్ను దీనిమీద పడింది. లైసెన్సు ఉన్నవాళ్లే కాయాలన్నారు. లైసెన్సు అనేసరికి ఆఫీసుకెళ్లి సంతకాలు పెట్టాలి కదా, అంతవరకూ గంగాళం మొహం చూడని మొగుళ్లు కండువాలు దులుపుకుని లేచారు. అలా వంటింటి గంగాళం కాస్తా ఫ్యాక్టరీ అయి కూర్చుంది. దేశం మొత్తమ్మీద నలభై ఫ్యాక్టరీలు వెలిశాయి. తరవాత యుద్ధం వచ్చింది, బార్లీ అంతా రొట్టెలకి పోయింది, ఇరవై మూతపడ్డాయి. ఆపైన సీసాలొచ్చాయి, లారీలొచ్చాయి, ఒక ఊరి బీరు ఇంకో ఊరికి చుట్టం చూపుగా వెళ్లి అక్కడే తిష్ఠ వేసింది. పెద్దవి చిన్నవాటిని మింగుతూ మింగుతూ, నేను చెప్పబోయే నాటికి ఏడంటే ఏడు మిగిలాయి.

ఆ ఏడింట్లో ఒకదాంట్లో ఉండేవాడు నాలుకాయన. కన్నవాళ్లు పెట్టిన పేరేమిటో ఆయన భార్యకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆయన ఉద్యోగం బీరు రుచి చూడటం. ఆయన ఒక గుక్క పుక్కిలించి, కళ్లు మూసుకుని, తెరిచి, "పంపండి" అంటే పీపాలు లారీ ఎక్కేవి. "వద్దు" అంటే కాలవలోకి పోయేవి. యజమాని కూడా నోరెత్తడానికి లేదు. ఫ్యాక్టరీ వెనకాలే ఆయనకి రెండు గదుల ఇల్లిచ్చారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లే ఆ ఇల్లు.

రుచి చూడటానికి ఒక గది ఉండేది. ఉత్తరం వైపు కిటికీ, తెల్ల గుడ్డ పరిచిన బల్ల, దానిమీద పొట్టి గాజుగ్లాసులు. రోజూ పొద్దున్న పదింటికి పీపా తెచ్చి తెరిచేవాడు, ఆ కొయ్య పీపాలు చేసే మేస్త్రి. ఈయన మన నాలుకాయన భార్యకి స్వయానా అన్నగారు. ఆ ఫ్యాక్టరీలో ఒక పాత పద్ధతుంది. పీపా తెరిచినవాడే మొదటి గుక్క తాగాలి. ఎప్పుడో తాతల కాలంలో ఒక పీపా కడిగిన సున్నపు నీళ్లు అడుగున ఉండిపోయి, అప్పటి రుచి చూసేవాడి నోరు నెల్లాళ్లు పొక్కిపోయిందట. అప్పట్నుంచీ పీపా చేసినవాడు ముందు తాగి, బతికుంటే, రెండో గ్లాసు అటు జరపాలి.

ఇలా ఉండగా ఒక వానాకాలం నాలుకాయనకి జలుబు చేసింది. పదిరోజులు మూసిన కన్ను తెరవలేదు. జ్వరం తగ్గి లేచి కూర్చున్నాక ఒకరోజు భార్య పెరట్లో ఎవరితోనో మాటల్లో పడి పొయ్యిమీద కూర మాడబెట్టింది. పరిగెత్తుకొచ్చేసరికి వంటిల్లంతా పొగ. ఆ పొగ మధ్యలో ఈయన తాపీగా పేపరు చదువుకుంటున్నాడు. భయపడుతూనే ఆ కూర వడ్డించింది. "బాగుంది, ఇంకొంచెం వెయ్యి" అన్నాడు. ఆవిడ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. కాపరానికొచ్చి ఇరవై ఏళ్లయింది, ఆ నోట్లోంచి 'బాగుంది' అన్న మాట వినడం అదే మొదలు. ఉల్లిపాయ కోసి ముక్కు కింద పెట్టింది. ఇంగ్లీషు మందుల సీసా మూత తీసి పెట్టింది. చివరికి ఆయన మేజోళ్లే తెచ్చి పెట్టింది. ఆయన నోరు తెరుచుకుని చూస్తున్నాడు తప్ప ముఖంలో కదలిక లేదు. ముక్కు పోయింది. ముక్కుతోపాటు నాలుకా పోయింది. ఉప్పో చేదో లీలగా తెలుస్తోంది గానీ, మిగతాదంతా గోరువెచ్చని నీళ్లే.

మొగుడూ పెళ్లాలిద్దరూ తలుపేసుకుని కూర్చున్నారు. చెప్తే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతో ఇల్లు పోతుంది. ఆయనకి చేతనైన పని ఇంకోటి లేదు. రెండురోజుల్లో వాసన అదే తిరిగొస్తుందిలే, అందాకా ఎలాగో నెట్టుకురమ్మంది ఆవిడ. మర్నాడు పదింటికి వెళ్లి కూర్చున్నాడు. మేస్త్రి పీపా తెరిచి తన గుక్క తాను తాగాడు. తాగి ఎడమ కనుబొమ్మ కొంచెం పైకెత్తాడు.

మేస్త్రి ముఖం ఎలాంటిదనుకున్నావు? పళ్లెమంత ముఖం. మనసులో ఏదుంటే అది బయట ఆరేసినట్టు కనిపించేది. చీట్లాటలో ఆయన్ని ఎవరూ ఓడించనక్కర్లేదు, తనే ముక్కలన్నీ ముఖంమీద చూపించేసేవాడు. నాలుకాయన ఆ కనుబొమ్మ చూశాడు, తన గ్లాసు తాగాడు, కళ్లు మూసుకున్నాడు, "కాస్త పులుపు తిరిగింది" అన్నాడు. మేస్త్రి ఆశ్చర్యపోయి తనకీ అలాగే అనిపించిందన్నాడు. అంతే. ఆ రెండు రోజులు కాస్తా ఎనిమిదేళ్లయ్యాయి.

కనుబొమ్మ లేస్తే పులుపు. కింది పెదవి జారితే నీరసం. చెంప లోపలికి పోతే చేదెక్కువ. తాగి రెండో గ్లాసు వైపు ఓరగా చూశాడంటే ఆ పీపా బంగారం. విచిత్రమేమిటంటే, నాలుక ఉన్న రోజుల్లో ఈయన నసిగేవాడు, మళ్లీ మళ్లీ తాగేవాడు, ఏదో ఉంది, ఏదో ఉంది అని గొణిగేవాడు. నాలుక పోయాక నదురూ బెదురూ లేదు. వానకి తడిసిన కొయ్య గుర్తొస్తోందనేవాడు, వెనకాల ఎక్కడో తేనె తలుపు తడుతోందనేవాడు. వినడానికే జనం వచ్చేవారు. యజమాని పొంగిపోయి ఆ మాటలన్నీ సీసాల మీద అచ్చు వేయించాడు.

ఒకసారి మాత్రం పెద్ద ఉపద్రవమే జరిగింది. ఆ వేళ మేస్త్రి మొదటి గుక్కకే ముఖం మొత్తం ముడిచాడు. నాలుకాయన వద్దన్నాడు. రెండో పీపాకీ అదే ముఖం. మూడోదానికీ అంతే. వరసగా పదకొండు పీపాలు కాలవలో గుమ్మరించారు. మధ్యాహ్నానికి కాలవలో బాతులన్నీ వంకర టింకర నడకలు మొదలెట్టాయి. ఒకటి పోస్టాఫీసు మెట్లెక్కి కూర్చుని, ఎవరు అదిలించినా దిగనంది. నాణ్యత విషయంలో మేం ఎంత ఖచ్చితమో చూడండని యజమాని ఊరంతా చెప్పుకున్నాడు. సాయంత్రం భార్య వచ్చి, అన్నయ్య దవడ బూరెలా వాచిపోయింది, పన్ను పీకించుకొస్తున్నాడట అని చెప్పేసరికి నాలుకాయనకి పై ప్రాణం పైనే పోయింది. బీరులో ఏ లోటూ లేదు. చల్లటిది తగిలి పన్ను జివ్వుమందంతే.

అప్పుడైనా నోరు విప్పాల్సింది. విప్పలేదు. అక్కడ మేస్త్రి ఏమనుకున్నాడంటే, తప్పు తన పీపాలదే అనుకున్నాడు. కొయ్య పాడైందని, కొత్త పీపాల కోసం రెండేళ్లుగా నీడలో ఎండబెట్టుకున్న పలకలన్నీ తన చేత్తో తనే పొయ్యిలో పెట్టుకున్నాడు. ఆ పొగ నాలుకాయన ఇంటిమీదుగానే పోయింది. వాసన తెలియలేదు గానీ కళ్లు మండాయి.

ఇదిలా ఉండగా రాజధానిలో ఒక పెద్ద కంపెనీ వాళ్లు మిగిలిన ఏడు ఫ్యాక్టరీలనీ కొనేశారు. అన్నిటికీ కలిపి ఒక్క రుచి చూసేవాడు చాలన్నారు. ఏడుగురూ ఫలానా తేదీకి రావాలి, ఒక్కొక్కరిని విడిగా గదిలోకి పిలిచి ఏడు గ్లాసులు పెడతాం, ఏది ఏ ఫ్యాక్టరీదో చెప్పాలి. గెలిచినవాడికి ఉద్యోగం, ఇల్లు. మిగతావాళ్లు ఇళ్లు ఖాళీ చెయ్యాలి.

ఒంటరిగా గదిలో అనేసరికి నాలుకాయన వచ్చి భార్యకి చెప్పుకున్నాడు. జలుబు చేసిందని చెప్పమంది భార్య. ఎనిమిదేళ్ల జలుబని ఎలా చెప్పనన్నాడు. పోనీ మా అన్నయ్యని తోడు తీసుకెళ్లు, పీపా తెరవడానికని చెప్పు అంది. మాట బాగానే ఉంది. కానీ అడగాలంటే ముందు జరిగిందంతా చెప్పాలి.

వెళ్లాడు. మేస్త్రి పీపాకి ఇనప కట్టు బిగిస్తున్నాడు. ఈయన జ్వరం దగ్గర్నుంచి పన్ను దాకా, పలకల దాకా ఏమీ దాచకుండా చెప్పేశాడు. మేస్త్రి సుత్తి పక్కన పెట్టాడు. 

"బావా, పీపాలు పోతే పోయాయి, పలకలు పోతే పోయాయి," అన్నాడు. "ఎనిమిదేళ్లు నా ముఖం చూసి బతికావు గదా. ఆ రోజు నాకు నెప్పిగా ఉందని కనిపించలేదా?"

నాలుకాయనకి తల తీసేసినట్టయింది.

"నువ్వు చూసింది నన్ను కాదులే. నా ముఖంమీద నీ జవాబు వెతుక్కున్నావు. నేను రాను. నువ్వే వెళ్లి, ఈసారైనా ఎదుటివాణ్ణి సరిగ్గా చూడు."

అని మళ్లీ సుత్తి అందుకున్నాడు. చెల్లెలు వెళ్లి బతిమాలినా కదల్లేదు.

ఇక చేసేదేముంది, ఒక్కడే బస్సెక్కాడు. కంపెనీ ఆఫీసులో నున్నటి నేల, వరసగా కుర్చీలు. మిగతా ఆరుగురూ అప్పటికే వచ్చి కూర్చున్నారు. ఎండాకాలంలో కూడా గొంతుకి మఫ్లరు చుట్టుకున్నాయన ఒకడు, ఎవరైనా చుట్ట తాగినవాడు పక్కన కూర్చుంటే లేచి అవతలికిపోయే ఆయన ఒకడు. వాళ్లలో ఒకావిడ కూడా ఉంది, డెబ్భైకి దగ్గర పడిన మనిషి. ఆ లైసెన్సుల గొడవలో కూడా గరిటె వదలని ఇంటినుంచి వచ్చిన ఆవిడ. నాలుకాయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఏం తిన్నావు తమ్ముడూ, ముఖం అలా పీక్కుపోయిందేమని అడిగింది. నిజంగానే గొప్ప నాలుకలు వాళ్లవి. ఏ ఊరి నీళ్లతో టీ కాచారో చెప్పగలిగినవాళ్లు. వాళ్ల మధ్యన కూర్చుని ఈయన తన సంచి ఒళ్లో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ముడుచుకుపోయాడు.

ఒక్కొక్కరే లోపలికి వెళ్లి వస్తున్నారు. చేసేదేమీ లేక నాలుకాయన వాళ్లని చూస్తూ కూర్చున్నాడు. ఈసారి జవాబు కోసం కాదు. జవాబు దొరకదని తెలుసు. మేస్త్రి అన్న మాట ముల్లులా ఉంది, అందుకని మనుషుల్నే చూశాడు. మఫ్లరాయన బయటికొచ్చి మఫ్లరు విప్పి చెమట తుడుచుకున్నాడు. రెండో ఆయన వచ్చి గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. పెద్దావిడ వచ్చి కూర్చుని, తన చేతులు తనే తిప్పి చూసుకుంది, అవి తన చేతులేనా అన్నట్టు. ఏడు రకాలు తాగినవాళ్ల ముఖాల్లా లేవు. దొంగతనం చేసి వచ్చినవాళ్ల ముఖాల్లా ఉన్నాయి. ఆరింటికి ఆరూ.

ఆఖర్న ఈయన్ని పిలిచారు. గదిలో మేనేజరు, పక్కన గ్లాసులు నింపే గుమస్తా, బల్లమీద నంబర్లు వేసిన ఏడు గ్లాసులు. నాలుకాయన ఒక్కొక్కటీ తాగాడు. గోరువెచ్చని నీళ్లు, గోరువెచ్చని నీళ్లు, గోరువెచ్చని నీళ్లు. తలెత్తి గుమస్తాని చూశాడు. జవాబు తెలిసినవాడు ఎంత దాచుకున్నా, గ్లాసు మారినప్పుడల్లా వాడి చూపు మారుతుంది. వీడేమో పైన తిరిగే ఫ్యాను చూస్తున్నాడు. మూడో గ్లాసైనా, ఆరో గ్లాసైనా అదే ఫ్యాను. దాచడానికి వాడి దగ్గర ఏమీ లేదు. బయట ఆరుగురి ముఖాల్లో ఉన్నదేమిటో అప్పుడు వెలిగింది.

"ఏడూ ఒకటే బీరు," అన్నాడు నాలుకాయన.

మేనేజరు లేచి వచ్చి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఏడూ ఒకే పీపాలోవే. తెలియకపోయినా తెలిసినట్టు మాట్లాడేవాళ్లతో విసిగిపోయి ఈ పరీక్ష పెట్టాడట. ఆరుగురూ ఏడు గ్లాసులకి ఏడు ఊళ్లు చెప్పి వెళ్లారట, ఒకాయనైతే నాలుగో గ్లాసులో తన ఊరి బావి కనిపించిందన్నాడట. ఇన్నాళ్లకి ఒక నిజాయితీపరుడు దొరికాడని మేనేజరు పొంగిపోతుంటే, దేశం మొత్తంలోకీ పెద్ద అబద్ధాలకోరు మింగలేకా కక్కలేకా నిలబడ్డాడు.

కాగితం మీద సంతకం పెట్టమన్నారు. కలం చేతిలోకి తీసుకున్నాడు. రెండు గదుల ఇల్లు కళ్లముందు మెదిలింది, ఇల్లాలు మెదిలింది. అంతలో తలుపు సందులోంచి పెద్దావిడ కనిపించింది. ఇంకా చేతులే చూసుకుంటోంది. కలం కింద పెట్టి, తనకి ఎనిమిదేళ్లుగా ఏ రుచీ తెలియదని చెప్పేశాడు.

మేనేజరు నవ్వాడు. గొప్పవాళ్లంతా అలాగే అంటారన్నాడు. నిజమండీ, ముక్కు పని చెయ్యదన్నాడు ఈయన. ఇంత వినయం ఈ రోజుల్లో ఎక్కడుందని గుమస్తాకి చూపించాడు ఆయన. పెళ్లాం మాడబెట్టిన కూర సంగతి చెప్పాడు, మేజోళ్ల సంగతి చెప్పాడు. ఎంత చెప్తే అంత మెచ్చుకుంటున్నారు. ఇక లాభం లేదని చుట్టూ చూశాడు నాలుకాయన. కిటికీలో ఒక గాజు కూజా, అందులో వారం కిందట పెట్టి మరిచిపోయిన పూలు, అడుగున ఆకుపచ్చగా తిరిగిన నీళ్లు. పూలు తీసి బల్లమీద పెట్టి, కూజా ఎత్తి, గడగడా ఆఖరి చుక్క దాకా తాగి, మూతి తుడుచుకుని నిలబడ్డాడు. గుమస్తా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తాడు. మేనేజరు కుర్చీలో కూలబడి, నమ్ముతున్నానన్నాడు.

మరి ఏడూ ఒకటేనని ఎలా చెప్పగలిగావని నిలదీశాడు.

"నేను చెప్పలేదండీ, ఆ ఆరుగురూ చెప్పారు," అన్నాడు నాలుకాయన. "వాళ్ల నాలుకలకి తెలుసు. ఇల్లు పోతుందని నోళ్లు భయపడ్డాయి. పిలిచి, ఉద్యోగం తీసెయ్యనని చెప్పి, మళ్లీ అడగండి."

మేనేజరుకి ఇది వింతగానే తోచింది గానీ పిలిచాడు, ఆ మాట ఇచ్చాడు, అడిగాడు.  పెద్దావిడే ముందు అంది, రెండో గ్లాసుకే అనుమానం వచ్చిందట, వయసు మీదపడి నాలుక చచ్చిందేమో, ఎవరికీ తెలియకూడదనుకుని ఏవో ఊళ్లు చెప్పేసిందట. ఆ మాట విని మఫ్లరాయన గొల్లుమన్నాడు, తనదీ అదే కథ. ఆరుగురూ అదే. బావి కనిపించిందన్న ఆయనైతే, ఆ బావి సంగతి రాత్రంతా కూర్చుని కంఠతా పెట్టుకొచ్చానని ఒప్పుకున్నాడు.

మాట ఇచ్చాడు కాబట్టి మేనేజరు మిగతావాళ్లని ఎవరి ఫ్యాక్టరీకి వాళ్లని పంపాడు, పెద్దావిడని అందరికీ పెద్దగా వేశాడు. నాలుకాయన తన సంచి తీసుకుని బయల్దేరబోతుంటే ఆవిడ కొంగు బిగించి నిలబడింది. ఈ తమ్ముడు నా ఎదురుగా కూర్చుంటేనే గ్లాసు ముట్టుకుంటానంది. ఏం పనికని మేనేజరు అడిగాడు. నేను బీరుని చూస్తాను, ఇతను నన్ను చూస్తాడు అంది. అలా ఆయనకి రెండు గదుల ఇల్లు దక్కింది, రాజధానిలో, ఫ్యాక్టరీ వెనకాల. మేస్త్రిని కూడా రమ్మని ఉత్తరం రాస్తే, మీ ఊరి కొయ్య నాకు పనికిరాదని జవాబు వచ్చింది. జవాబంటూ వచ్చింది కదా, ఈయనకి అదే చాలు.

మొదటి రోజు గేటు దగ్గర ముప్ఫై లారీలు ఆగి ఉన్నాయి. మేనేజరు గుమ్మంలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. పెద్దావిడ ఒక గుక్క తాగింది, ఇంకో గుక్క తాగింది, బాగుంది అనడానికి నోరు తెరిచింది.

"అక్కా, భయపడుతున్నావు," అన్నాడు నాలుకాయన మెల్లిగా.

ఆవిడ గ్లాసు దించింది. కిటికీలోంచి లారీలకేసి చూసింది, ఆయనకేసి చూసింది. ఇవాళ తెలియడం లేదు, రేపు మళ్లీ చూస్తానంది. ముప్ఫై లారీలూ ఖాళీగా వెనక్కి తిరిగాయి. గంగాళాల కాలం నుంచీ ఆ దేశంలో బీరు రుచి చూసినవాళ్లెవరూ తెలియడం లేదన్న మాట పైకి అనలేదట. అని కూడా ఉద్యోగంలో ఉన్నది ఆవిడే మొదలట.

ఇదీ తల్లీ సంగతి. పుస్తకాల్లో ఎన్ని ఫ్యాక్టరీలు లేచాయో, ఎన్ని మూతపడ్డాయో రాస్తారు గానీ ఇది రాయరు. అందుకే నీకు చెప్పాను. మరిచిపోకుండా గుర్తుపెట్టుకుని నీ చెల్లెలికి చెప్పు, రేపు నీ పిల్లలకి చెప్పు. చెప్పేటప్పుడు ఎక్కడైనా తట్టకపోతే అల్లి చెప్పకు, ఇక్కడ నాకు గుర్తులేదని చెప్పి ముందుకెళ్లిపో.